అర్బాబు ఫోటోకు పెట్టిన బొట్టు

"తాతా, ఇంగ్లండుల రోము రాజుకు గుడి కట్టిండ్రని మా పుస్తకంల ఉన్నది. నువ్వు గీ ముచ్చట ముందుగాల్నే చెప్పినవ్. నీకెట్ల ఎరుక?"

నాకెట్ల ఎరుకనా? మస్కట్ల ఎరుకైంది బిడ్డా. డెబ్బై ఆరు... కాదు కాదు, మీ నాయిన పుట్టిన యేడు, డెబ్బై ఏడు. ఆడ సుతారి పని చేస్తుంటి. నేను కట్టిన గోడకు గుండు ఏసి సూస్తే వెంట్రుకంత వంకర దొరకది. గిప్పుడు కట్టేటోళ్లను సూస్తనే ఉన్నవ్ గదా.

దసరా వచ్చింది. కొబ్బరికాయ కోసం మత్రా బజారు దాక పోయినం. మన దిక్కు రూపాయికి రెండొచ్చేటియి, ఆడ దాని ధర చెప్తే... సరే, అదిడువు. సైట్ల తాపీలకు, గుండుకు, సిమెంటు కలిపే మిషన్‌కు బొట్లు పెట్టినం. ఆఫీసుల మా అర్బాబు, అంటే కంపెనీ యజమాని, ఆయన ఫోటో ఉంటుండె. నేను దానికి గుడ పెట్టిన. దండ వెయ్యలె, దండేస్తే సచ్చినోళ్ల లెక్కైతది గదా.

తెల్లారి అర్బాబు వచ్చి సూసిండు. ఆయనకు హిందీ మంచిగొస్తది. "మనిషిని మొక్కుడు మా మతంల పాపం. ఎవడు పెట్టిండో వాన్ని ఇంటికి తోలిస్త" అన్నడు. అందరు నేల సూపులు. నేనే పెట్టిన అని ముందలికొచ్చిన. ఇంటికాడ ఐదుగురు నా మీదనే బతుకుతుండ్రి.

మా ఇంజనీరు ఇంగ్లండు తెల్లదొర, బొంబాయిల పనిచేసొచ్చినోడు, ఆయన అడ్డం వచ్చిండు. "ఎన్కట రోమోళ్లు మా దేశం గెలిచి, మా ఊర్లె వాళ్ల రాజుకు గుడి కట్టిండ్రు. ఖర్చు మావోళ్ల మీదనే ఏసిండ్రు, మొక్కుమని మెడలు వంచిండ్రు. మావోళ్లు తిరగబడి గుడిని కాలవెట్టిండ్రు. జబర్దస్తీగ మొక్కిస్తే గట్లైతది. మరి వీన్నెవడన్న మొక్కుమన్నడా, అడుగుండ్రి" అన్నడు.

అర్బాబు అడిగిండు. నేనన్న, "ఎవ్వరు చెప్పలె సాబ్. మేం తాపీకి పెడ్తం, మిషన్‌కు పెడ్తం. అన్నం పెట్టేదానికి దండం పెడ్తం. మీరు దేవుడని పెట్టలె. మిమ్మల మొక్కుమని ఎవడన్న నా మెడ వంచితే, తాపీ ఆడ వడేసి నేనే ఇంటికి వోతుంటి."

అర్బాబు కుర్చీ ఎక్కి ఫోటో ఆయనే తీసిండు. రుమాలుతోని బొట్టు తుడిచి, నా చేతిల తాపీ దిక్కు సూసి, "దాని మీదిది ఉండనియ్. పనికి వో" అన్నడు.

పదకొండేండ్లు చేసిన బిడ్డా ఆయన దగ్గర. నా తల ఎవ్వరు వంచలె, వంచాలనిపించిన కాడ నేనే వంచిన. నీ బతుకు గుడ గట్లనే నడవాలె... సల్లగుండు బిడ్డా.