మోచేతి పట్టు

రాజమండ్రిలో ఒక ఫిజియోథెరపీ గది. పక్షవాతం నుంచి కోలుకుంటున్న భర్త మోచేతిని ఆవిడ వదలడం లేదు.

“చెయ్యి వదలండమ్మా. మీరలా పట్టుకునుంటే ఆయన ఒళ్ళు నిలదొక్కుకోవడం ఎప్పుడు నేర్చుకుంటుందండి?”

“పడితే మీరొచ్చి లేవదీస్తారా?”

“వెనకే ఉన్నానుగా, పడనివ్వను. కాస్త తూలాలండి. తూలితేనే సర్దుకోవడం వస్తుంది. ఇవాళ గచ్చు మీద, రేపు ఇసకలో, ఆ తర్వాత చేనిగట్టు మీద. నెల తిరిగేసరికి రావులపాలెమైనా ఒక్కరే వెళ్ళొస్తారు.”

“అక్కడికి కాక ఇంకెక్కడికి వెళ్తారు! ఇరవయ్యేళ్ళు అరటిగెలల బేరమని చెప్పి అక్కడ ఒకావిడింట్లోనే ఉండేవారండి. కాలూచెయ్యీ పడిపోగానే ఆవిడే ఆటోలో తెచ్చి నా గుమ్మంలో దింపేసి పోయింది.”

“అయితే నడక నేర్పొద్దంటారా?”

“ఎందుకొద్దూ? ఇదిగో, వదిలేశాను. బాగా నేర్పండి. తనే నడుచుకుంటూ వెళ్ళి ఆవిడ తలుపు కొట్టమనండి. తీస్తుందేమో చూద్దాం.”