మొవ్వ పచ్చగుంది

మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర, కింది ఆకులనిండా మచ్చలు పడ్డ అలంకరణ పామ్ మొక్కల ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు అక్కడి తోటమాలి, ఇంకొకరు సూర్యాపేట నుంచి వచ్చిన నర్సరీ ఆమె.

“నిజం చెప్పు తమ్మీ. వీటికి ఏం కొట్టినవ్?”

“యాపనూనెనే అక్కా. కానీ మా పొలంల గడ్డిమందు కొట్టిన పంపుతోటి కొట్టిన. నేనే సంపిన వీటిని. మా సారుకింకా చెప్పలే.”

“గడ్డిమందైతే ముందుగాల నడిమి లేత మొవ్వ మాడుతుండె. సూడు, మొవ్వ ఎంత పచ్చగున్నదో! మచ్చలన్నీ కింది ముదురాకులకే ఉన్నయి. నడుమ నలుపు, సుట్టూ పసుపు. ఇది బూజుతోటి వచ్చే ఆకుమచ్చ.”

“అంటే బతుకుతయా?”

“బతుకుతయి. పొద్దుమూకినంక ఆకుల మీద నీళ్లు కొడుతున్నవా?”

“పక్క రైసుమిల్లు బూడిద పడ్తదక్కా. పెండ్లికొచ్చేటోళ్లకు నిగనిగ కనవడాలని రోజూ పైపుతోటి కడుగుత.”

“గదే తప్పు. తెల్లార్లు ఆకు తడిగుంటే బూజు పాకుతది. మచ్చల ఆకులు కోసి కాలబెట్టు, కుండీలు ఎడం జరుపు. ఇగ నీళ్లు పొద్దుగాల, మొక్క మొదట్లనే పొయ్యి.”

“హమ్మయ్య! పది దినాలసంది నిద్ర లేదక్కా.”

“ఇగ మీ సారుకు చెప్పు.”

“ముందుగాల మా ఇంటామెకు చెప్పాలె. పంపు సరిగ్గ కడగలేదని ఈ పది దినాలు ఆమెనే తిట్టిన.”

“ఆమె ఏమన్నది?”

“రోజూ పొద్దుగాల లేచి ఆ పంపునే కడుగుతున్నది.”