తోక తిప్పిన దిక్కు

“అమ్మమ్మా, మల్లె కుండీల మట్టి తీస్తుంటె ఇది దొరికింది. తోక ఆడిస్తుంది, ఏందిది?”

ఏదీ, ఇటియ్యి. అబ్బ, ఎన్నేండ్లాయె దీన్ని చూసి! పురుగేనే. మా నువ్వుల చేన్ల మస్తుండేటివి. పచ్చగ, వేలంత లావు, ఎనక ఒక కొమ్ము. ఆకులు తినీ తినీ మట్టిలకు పోయి గిట్ల కాయ లెక్క ఐతది. ఆనక పెద్ద రెక్కలొస్తయి, వీపు మీద మనిషి మొఖం లెక్క మచ్చ. తేనెపట్టుల దూరి తేనె తాగొస్తది. పట్టుకుంటె ఎలుక లెక్క కీచుమంటది. అది అరిస్తె ఎవ్వలేమనరు, మేం అరిస్తెనే తప్పు.

ఏం చెప్తున్న? ఆఁ, తోక. కలుపు తీస్తుంటె ఇది దొరికిందనుకో, చేతుల పెట్టుకొని “అత్తగారిల్లు ఎటు?” అని అడిగేటోళ్లం. తోక ఎటు తిప్పితె అటే. మా నానమ్మకైతె దేవుడు చెప్పినట్టే.

అవి రజాకార్ల రోజులు. ఎదిగిన పిల్లను ఇంట్ల పెట్టుకోవద్దని మా నాయిన అక్కకు రామాయంపేట సంబంధం తెచ్చిండు. అక్కకు పదమూడో, కాదు, పద్నాలుగు. ఆయనకు పెండ్లాం చచ్చిపోయి ఇద్దరు పిల్లలు. “రజాకార్లు ఎత్కపోతరని ముందుగాల మీరే పంపుతరా?” అన్నది అక్క. ఎవ్వలింటరు? దానికేమో మా చేన్లకెల్లి కనిపించే చర్చి కాడి బడిల చదవాలని ఉండె.

నానమ్మ చేనుకొచ్చి “అడుగుండ్రి పురుగును” అన్నది. కాయ నా చేతిల ఉండె. బొటనేలుతోని ఒక పక్క మెల్లగ ఒత్తిన. తోక సక్కగ చర్చి శిఖరం దిక్కు తిరిగింది!

“గా తెల్ల దొరసానుల బడికాడ మనోళ్లెవలున్నరే?” అని నానమ్మ పరేషానైంది. రామాయంపేట ఇంకో దిక్కాయె. అంతే, సంబంధం వద్దన్నది. నానమ్మ వద్దంటె మా నాయిన నోరెత్తడు. పురుగు అటే చూపిందని ముసల్దే అక్కను తీస్కపోయి బడిల ఏసొచ్చింది. కన్నబిడ్డ ఏడిస్తె ఇనలే, పురుగు మాట ఇన్నరు! మిలట్రీ వచ్చి రజాకార్లు పోయేటాల్లకు అక్క హాస్టల్ల ఉండె. ఆనక దవాఖానల నర్సయ్యింది.

నేనా? నా వంతొచ్చినప్పుడు నేనూ అడిగిన. చేగుంట దిక్కు తిప్పింది, పోయిన. మీ తాత మంచోడే, అది వేరె ముచ్చట. కానీ అక్క కోసం ఒత్తిన వేలు నా చేతికే ఉండె గద... నా కోసం ఒత్తుకోవచ్చని తోచనేలే.

ఏందే, నువ్వూ అడుగుతున్నవా? వద్దు బిడ్డా. మట్టిల పెట్టెయ్, దానికి రెక్కలు రానియ్యి. నీ దిక్కు దేన్నీ అడగకు. సల్లగుండు...