బట్టల తీగతో కట్టిన కడ్డీ

నా పేరు లైసెన్సులో ఉన్నదే. వీధిలో ఆ పేరుతో ఎవరూ పిలవరు, స్పానరన్న అంటారు. వయసు నలభై నాలుగు. సొంత పికప్ బండి మీద టైల్స్, సింకులు, కుళాయి సామాను ఇళ్లకు చేరవేయడం నా పని. ఈ వాంగ్మూలం ఇమ్మని నన్నెవరూ పిలవలేదు. ఈ రోజు, పదమూడో తేదీ, ఉదయం తొమ్మిదీ పదికి నేనే స్టేషనుకు వచ్చాను. పదిన్నర దాకా బయట బెంచీ మీద కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు లేచి గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను. మీ రైటరు గారు చూశారు.

బండి కొని ఆరేళ్లయింది. దాని జోలికి పోకుండా నా చేతులు ఊరుకోవు. లైట్లు మార్చాను, సీట్లు మార్చాను, తొట్టికి రబ్బరు పరుపు వేయించాను. టైల్స్ ఎక్కిస్తే బండి వెనక్కి కూలబడి నడుస్తోందని నాకు చాలాకాలంగా నామోషీగా ఉండేది. ఈ నెల మూడో తేదీన బరువు మోసే కమాన్ పట్టీల షాపుకు తీసుకెళ్లి వెనక రెండు వైపులా ఒక్కో పట్టీ అదనంగా వేయించాను. బండి రెండంగుళాలు లేచింది. లోడు వేసినా నిటారుగా నిలబడింది. ఫొటో తీసి బంధువులందరికీ పంపాను.

అయ్యా, ఇక్కడ ఒక సంగతి రాసుకోండి. వెనక ఇరుసుకీ పైన చట్రానికీ మధ్య చిటికెన వేలంత కడ్డీ ఒకటి ఉంటుంది. బరువు పడి బండి దిగితే ఆ కడ్డీ కదిలి వెనక చక్రాలకు బ్రేకు ఎక్కువ అందేలా చేస్తుంది. బండి ఖాళీగా లేచి ఉంటే తక్కువ అందుతుంది. బండి ఎత్తు పెరిగాక ఆ కడ్డీ అందలేదు. షాపాయన దాన్ని ఊడదీసి, "పొడుగు కడ్డీ గురువారం వస్తుందన్నా. అది బిగించేదాకా లోడు ఎక్కించకు, నీకు దండం పెడతా" అన్నాడు. సరేనన్నాను. ఇంటికొచ్చేదాకా అది టకటకా కొట్టుకుంటూనే ఉంది. ఆ చప్పుడు భరించలేక పెరట్లో బట్టలారేసే తీగ రెండు జానలు కోసి దాన్ని కదలకుండా లాగి కట్టేశాను. అంటే ఎంత లోడున్నా వెనక చక్రాలకు ఖాళీ బండికి అందినంత బ్రేకే అందుతుంది. చప్పుడు ఆగిపోయింది. నాలుగో తేదీ నుంచే లోడు ఎక్కించాను. గురువారం వచ్చింది, వెళ్లింది. నేను షాపుకు వెళ్లలేదు.

బండి నడిపేది మా బావమరిది. నా భార్య తమ్ముడు, ముప్పై ఒకటో ఏడు. డ్రైవింగు వాడికి నేనే నేర్పాను. ఐదో తేదీన లోడు దింపి వచ్చి, "బావా, వెనక బ్రేకు పట్టట్లేదు" అన్నాడు. "నీ కాల్లో సత్తువ లేదురా" అని నవ్వాను. అయినా ఆరో తేదీన బ్రేకు లైనర్లు మార్చాను. ఆ సాయంత్రం మళ్లీ, "పట్టట్లేదు బావా" అన్నాడు. ఎనిమిదో తేదీన బ్రేకు ఆయిల్ మార్చి గొట్టాల్లో గాలి తీశాను. వాడే పెడల్ తొక్కాడు. నడిపి చూసి, "అలాగే ఉంది" అన్నాడు. టైర్లలో గాలి చూశాను, గొట్టాలు తడిమి చూశాను. అన్నీ చూశాను, నేను కట్టిన దాన్ని తప్ప. కడ్డీ సంగతి మరిచిపోయానని చెప్పను. గుర్తుంది. కింద పడుకున్న ప్రతిసారీ అది నా ముక్కుకు జానెడు దూరంలోనే ఉంది. అందరికీ ఫొటో పంపిన బండిని మళ్లీ విప్పడానికి మనసొప్పలేదు.

పదకొండో తేదీ ఉదయం బయల్దేరేటప్పుడు కూడా, "బావా, ఈ లోడు సగం దింపి రెండు ట్రిప్పులు కొడదామా?" అన్నాడు. "పద పద" అన్నాను. పదకొండూ ఇరవైకి మెడికల్ షాపు పక్క పల్లంలో దిగుతున్నాం. నేను పక్క సీట్లో ఉన్నాను. ఎదురుగా ఆటో ఆగింది. వాడు ముందే తొక్కాడు. రెండు కాళ్లతో తొక్కాడు, నేను చూశాను. ముందు చక్రాలు కీచుమన్నాయి, బండి జారుతూనే పోయింది. వాడు ఆటోను తప్పించాడు. బండి రోడ్డు పక్కన టైలరమ్మ మిషను పెట్టుకుని కూర్చునే అరుగెక్కి ఆగింది. ఆమె కాలు రెండు చోట్ల విరిగింది. ఆమె కుడుతున్న చొక్కాకి ఒక్క చెయ్యే ఉంది. పక్కకు ఒరిగిన మిషను చక్రం ఇంకా తిరుగుతోంది.

జనం ఆమెను ఆ ఆటోలోనే ఎక్కించారు. బావమరిది తల దగ్గర పట్టుకున్నాడు. అందరూ అటు చూస్తున్నప్పుడు నేను కటింగ్ ప్లయర్ తీసుకుని బండి కిందికి దూరాను. తీగ కోసి జేబులో వేసుకున్నాను. బయటికి వస్తుంటే వాడి చెప్పులు కనిపించాయి. టైలరమ్మ కళ్లజోడు కోసం తిరిగొచ్చాడట. నా చేతిలో ప్లయర్ చూశాడు. వేలాడుతున్న కడ్డీ చూశాడు. "కళ్లజోడు ఎక్కడ పడింది బావా?" అన్నాడు, అంతే.

మీరు వచ్చేలోపు ఆ రోడ్డు మీద నడిచి చూశాను. ముందు టైర్ల నల్ల గీతలు పద్దెనిమిది అడుగులు ఉన్నాయి. వెనక టైర్లవి లేవు. పద్దెనిమిది అడుగులు, రెండుసార్లు కొలిచాను. ఆ సాయంత్రం బండిని తనిఖీ చేసిన ఆఫీసరు గారు కడ్డీ గుద్దుడుకే ఊడిందని రాసుకున్నారు. నేను నోరు మెదపలేదు. ఫోను చూస్తూ ఆలస్యంగా బ్రేకు వేశానని బావమరిది మీకు రాసిచ్చాడని తర్వాత తెలిసింది. లాకప్పు దగ్గర అడిగితే, "బండి మీదే కదా అక్క ఇల్లు నడిచేది. నాకెవరున్నారు, పోనీ బావా" అన్నాడు.

ఈ ఉదయం నా భార్య ఉతకడానికి చొక్కా తీసి, జేబులోని తీగ ముక్కను నా కంచం పక్కన పెట్టింది. నీలం తొడుగున్న తీగ, మా పెరట్లోదే. "నా తమ్ముడు ఫోను చూస్తూ నడపడు. వాడికి నేర్పింది మీరే కదా" అంది. నేను తినకుండా లేచి ఇక్కడికి వచ్చాను. ఆ తీగ ముక్క ఇప్పుడు మీ బల్ల మీద ఉంది.

ఇదీ రాసుకోండి, గుద్దినప్పుడు వాడి ఫోను నా చేతిలో ఉంది. వాడి కాళ్లు రెండూ బ్రేకు మీద ఉన్నాయి. వెనక బ్రేకు పట్టట్లేదని వాడు నాకు చెప్పాడు. లోడు తగ్గిద్దామని కూడా చెప్పాడు. వాడు నాకు చెప్పిందంతా నిజమే అయ్యా. మీకు చెప్పిందొక్కటే అబద్ధం.

ఇదంతా రైటరు గారు రాసి నాకు చదివి వినిపించారు. ఒకచోట "మా బావమరిది తప్పిదం వల్ల" అని పడితే కొట్టించి "నా తప్పిదం వల్ల" అని రాయించాను, అక్కడ చిన్న సంతకం పెట్టాను. మిగతాది నేను చెప్పినట్టే ఉంది. నన్నెవరూ భయపెట్టి చెప్పించలేదు. భయంగానే ఉంది, అది నేను ఇంటి నుంచి తెచ్చుకున్నది. సంతకం లైసెన్సులో ఉన్నట్టు రాలేదు కనుక, పక్కన ఎడమ బొటనవేలి ముద్ర కూడా వేశాను.

(సంతకం)
(ఎడమ బొటనవేలి ముద్ర)