కాటా ఎక్కిన ఇల్లు

"తాతా, మా ఆయనా నేనూ చిన్న ట్రక్కు మీద గది కట్టించుకోని ఊళ్ళు తిరగాలనుకుంటా ఉండాం. నువ్వు కట్టించినావు గదా, ఎట్టాగో చెప్పు."

ఎట్టా కట్టించకూడదో అడుగు మే, అది బాగా చెప్తా.

మీ అవ్వకి మోకాళ్ళు పట్టేసినాయి గదా, లాడ్జీల్లో మెట్లెక్కలేదు. కన్యాకుమారి చూడాలని పెళ్ళయినప్పట్నుంచీ అంటా ఉండింది. నేనేమో రొయ్యల గుంట, మేత, అదే లోకం. గుంట వదిలేసినాక మేత తోలిన ట్రక్కు ఒకటి మిగిలింది. సరే, దాని మీదే గదేద్దాం అనుకున్నా.

ఇందుకూరుపేటలో వెల్డింగు మస్తాను అడిగినాడు, "బండి ఎంత మోస్తాదన్నా?" అని. "మేత బస్తాలు మోసింది, మంచం మోయదా?" అన్నా. బండి పుస్తకం తీసి చూస్తే నా సొమ్మేం పోయేది? చూడలా.

అంతా మందం ఇనప రేకు. వంటకి నల్లరాయి గట్టు. మస్తాను వద్దన్నాడులే, నేనే పట్టుబట్టినా, ఇల్లన్నాక గట్టుండొద్దా అని. ఎనకమాల చివర్న రెండొందల లీటర్ల నీళ్ళ డ్రమ్ము. "కాటా వేయించినావా?" అనింది మీ అవ్వ. "ఇంటిని ఎవురన్నా కాటా ఎక్కిస్తారా?" అని నవ్వినా. ఊరంతటికీ మేత లెక్కలు చెప్పేవాణ్ణి గదా, నాకే చెప్తుందా అని!

బయల్దేరినాం. కాలవగట్టెక్కినామో లేదో, స్టీరింగు తేలిపోయింది. ఎనక బరువుకి ముందు చక్రాలు నేలకి ఆనడమే లేదు, ఇంక తిప్పితే ఏం తిరుగుద్ది? బండి కాలవ పక్కకే పోతా ఉండాది. ఎనక చక్రాల మీద బరువు మోసే కమాను కట్ట ఫట్టుమని విరిగి, గట్టంచున ఒరిగి ఆగింది. కింద నిండు కాలవ. మీ అవ్వ కిందికి చూసి, నా వైపు తిరిగి, "కన్యాకుమారి చూపించమన్నా గానీ, పైలోకం చూపించమన్లేదయ్యా" అనింది.

ట్రాక్టరుతో లాగించుకోని రైసు మిల్లు కాటాకి పోయినాం. కాటా ఆయన చీటీ చూసి, బండి పుస్తకం చూసి, మళ్ళా నన్ను చూసినాడు. బండి తన సొంత బరువు కాకుండా మోయాల్సింది టన్ను. గదీ, నీళ్ళూ, సామానూ, మేమిద్దరం, అన్నీ అందులోనేనంట. మాది టన్నున్నర దాటింది.

"మనుషుల బరువు కూడానా?" అన్నా.

"మీరు గాల్లో కూర్చుంటారా పెద్దాయనా?" అన్నాడు.

ఇంక పెత్తనం మీ అవ్వదే. "ముందా రాయి దించు" అనింది. ఇనప రేకులు పీకించి పల్చటి అల్యూమినియం వేయించింది. డ్రమ్ము తీసేసి, చిన్న క్యాన్లు క్యాబిన్ ఎనకాలే పెట్టించింది. కమాను కట్ట మార్పించి, అన్నీ ఎక్కించి, మేమిద్దరం కూడా కూర్చోని మళ్ళా కాటా వేయించినాం. టన్నుకి కొంచెం తక్కువే వచ్చింది.

పోయినాం మే! కన్యాకుమారిలో పొద్దు పొడిచేటప్పుడు తలుపు తీసి, మంచం మీదనించే సముద్రం చూసింది. మోకాళ్ళ మాటే ఎత్తలా ఆ పొద్దు. నేనా? మళ్ళా ఏం విరుగుద్దో అని టైర్లు చూసుకుంటా కింద కూర్చున్నా.

చల్లంగా పోయి చల్లంగా రండి తల్లీ. ఆయన "నాకు తెలుసులే" అన్నాడనుకో, నువ్వు మాత్రం బండినీ ఆయన్నీ కలిపి ముందు కాటా ఎక్కించు.