పాపని కాపాడిన పరాయి రక్తం

కాన్పుకి ముందురోజే ఆమెకి ఒళ్ళంతా ఆటలమ్మ పోసింది. ఏలూరు ఆసుపత్రిలో పుట్టిన వెంటనే పాపని వేరే గదికి తీసుకెళ్ళిపోయారు. పెద్ద నర్సు లోపలికి రాగానే ఆమె లేచి కూర్చుంది.

“పాపకి కూడా పోసిందాండీ?”

“ఇంకా లేదమ్మా. ఇంజెక్షన్ ఇచ్చాం.”

“తల్లి నుంచి బిడ్డకి కడుపులోనే రక్షణ అందుతుందంటారు కదండీ. నా బిడ్డకెందుకు అందలేదు?”

“ఆ రక్షణనిచ్చే యాంటీబాడీలు నీ ఒంట్లో తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోపే కాన్పయిపోయింది. నీ తప్పేం లేదు.”

“మరి ఆ ఇంజెక్షన్‌లో ఏముందండీ?”

“ఆ యాంటీబాడీలే. ఆటలమ్మది హెర్పిస్ జాతి వైరస్. అది మన కణానికి అతుక్కుంటేనే లోపలికి దూరగలదు. ఇవి ముందే దాన్ని పట్టేసుకుని, అతుక్కోనివ్వవు.”

“ఎవరివండీ అవి?”

“ఆటలమ్మ పోసి తగ్గినవాళ్ళు ఇచ్చిన రక్తంలోంచి తీస్తారు. వాళ్ళెవరో మనకి తెలీదు.”

ఆ రోజు నుంచి ఆమె పాలు పిండి గిన్నెలో ఇస్తే, నర్సే తీసుకెళ్ళి పట్టించేది.

ఆమె ఒంటిమీది పొక్కులన్నీ ఎండి పెచ్చుకట్టాక పాపని తెచ్చి ఒడిలో పెట్టారు. ఆమె గుడ్డ విప్పి, వేళ్ళ సందులు కూడా వెతికింది. ఎక్కడా ఒక్క పొక్కు లేదు.

“ఇప్పుడు నా రక్తంలో కూడా అవి ఉంటాయాండీ?”

“ఉంటాయమ్మా.”

“అయితే నేనూ ఇస్తానండీ.”

“ముందు కోలుకో. పాలు మాన్పించాక రా.”

“వస్తానండీ,” అంటూ ఆమె పాపని రొమ్ముకి ఆనించుకుంది.