నాకు రోజుకో దోవ, మీ తాతకి ఒకటే దోవ

"మామ్మా, రోజూ ఒకటే పని సేసి సేసి నీకు ఎప్పుడూ ఇసుగు రానేదా?"

ఇసుగా? ఓలమ్మో, ఏటడిగినావే గౌరీ! ఉండు, ఆ ఫోను కిందెట్టకు, ఎత్తి పట్టుకో, రికార్డు సేత్తన్నావు కదా, బాగా ఇనబడాల. రోజూ ఒకటే పని సేత్తే కదే ఇసుగు! నీలాగ నర్సు డ్యూటీయా ఏటి, పొద్దున్నెల్లి సాయంత్రం రాడానికి? నిన్న సేసింది ఇయ్యాల సేసిన మనిసిని కాదు నాను. మీ నాన్ననడుగు. అదేటి, ఆ సేతి వాచీ గుర్రుమంటంది? నీళ్ళు తాగమని సెప్తందా? ఓసోసి, దాహమేత్తే నీకు తెలీదేటే! సరే తాగు, తాగి ఇను.

మన కొండల మీద తేదీలెవులికి కావాలే. "ఇయ్యాల ఏ సంత?" అంటాం, అంతే. సోమారం ఒకసోట, మంగళారం ఇంకోసోట, హుకుంపేటలో ఒకటి, అరకులో ఒకటి, మన వాగు, ఆ గెడ్డవతల సిన్న సంత ఒకటి. వారమంతా సంతలే కదా. నాను అన్నీ తిరిగీదాన్ని! ఒక రోజు అల్లం, ఒక రోజు పిప్పళ్ళు, ఒక రోజు కొండ సీపుర్లు, ఏదీ నేకపోతే ఇస్తర్లు కుట్టే అడ్డాకులు కట్టలు కట్టి నెత్తినెట్టుకోడమే. ఎల్లిన దోవన మళ్ళీ వచ్చీదాన్ని కాదు. ఏ ఊళ్ళో ఎవరికి పిల్ల పుట్టింది, ఎవరి జీలుగు సెట్టు కల్లు బాగుంది, అన్నీ నాకే తెలవాల. ఒకోసారి ఒక సంతకని బయల్దేరీదాన్నా, మజ్జిలో జీపాగితే "ఇదెక్కడికి?" అనడిగి ఎక్కీసీదాన్ని. అప్పుడు జీపుకి రూపాయి. రూపాయా, అర్ధా? మా అప్పని, అదే మా అక్కనడగాల... అది పోయింది కదా. రూపాయే అనుకో.

మరి మీ తాత! ఆయనకి ఒకటే దోవ. పొద్దున్నే లేచి సోడంబలి తాగీసి, కత్తి భుజానేసుకుని కాఫీ తోటకెల్లడం. అదే దోవ, అదే బండ మీద కూకోడం, అదే సుట్ట. ఎండ అరుగు మీదకొచ్చీసరికి ఇంటికాడ అంబలి ముంత ముందర ఉండీవోడు. పక్కింటోళ్ళు ఆయన్ని సూసి పొయ్యి మీద కూరెక్కించీవోరు, నిజమే! నాకు ఒళ్ళు మండీది. "ఒక్క సంతకి రావయ్యా, లోకం సూడు" అనీదాన్ని. "నువ్వు సూసొచ్చి సెప్తావు కదా" అనీవోడు. పెళ్ళయిన కొత్తలో మా అమ్మతో అన్నాను, ఈడు మనిసా రాయా అని. అనకూడదు. అన్నాను.

సరే, అసలు సంగతికొద్దాం. మీ నాన్న అప్పుడు హాస్టల్లో సదూతన్నాడు, ఇంట్లో మేమిద్దరమే. ఆ యేడు ఒకటే వానలు. తోటకెల్లే దోవలో కొండ జారి రాళ్ళు పడ్డాయి. ఊరంతా సెప్పినాం, సుట్టు తిరిగెల్లయ్యా అని. ఇన్నాడా? "ఇన్నేళ్ళు నడిసిన దోవ, నన్నేటి సేత్తాది" అన్నాడు. ఆ రోజు నాను సంతకని ఎల్లి, వాన పట్టీసిందని సగంలోనే తిరిగొచ్చీసినాను. ఇంటికొచ్చి సూత్తే ఆయనొచ్చే ఏళ దాటిపోయింది, అంబలి ముంత ఎట్టింది ఎట్టినట్టే ఉంది. మూత కూడా తియ్యనేదు.

గౌరీ, ఇంకోదాని మొగుడైతే కల్లు కాడ కూకున్నాడేమో, సుట్టాలింటికి పోనాడేమో అనుకుంటాది. మీ తాతతో ఆ అనుమానమే నేదు కదే! రానేదంటే పడ్డాడు, అంతే. తట్ట అక్కడే పారీసి పరిగెట్టినాను. ఆ దోవన నాను కాలెట్టి ఎన్నేళ్ళయిందో. అయినా ఎతకనక్కర్నేకపోయింది. తిన్నగా ఎల్లినాను, జారిన రాళ్ళ మజ్జిన ఉన్నాడు. మోకాలి కింద ఇరిగి కాలు పక్కకి తిరిగిపోయింది, పెద్ద రాయొకటి మీదుంది, వానకి మనిసి సల్లబడిపోయి వణికిపోతన్నాడు. నన్ను సూసి ఏటన్నాడో తెలుసా? "సంత బేగి అయిపోయిందా?" అన్నాడు! నవ్వాలా, ఏడవాలా?

నాను అరిసిన అరుపుకి ఊళ్ళోంచి నలుగురొచ్చినారు. రాయి తీసి, కర్రకి దుప్పటి కట్టి డోలీ సేసినారు. మరి గెడ్డ పొంగీసింది కదా, నీరు ఎర్రగా ఉరుకుతంది. జీపులు తిరిగే రోడ్డేమో గెడ్డవతల. నీరు తగ్గాక రేపెల్దాం అన్నారు అందరూ. ఆలకీ ఒకటే దోవ తెలుసు మరి! "నా ఎనకాల రండి" అన్నాను. పై కొండ మీద అడ్డాకులు కోసుకునే ఆడోళ్ళ దోవ ఒకటుంది. గెడ్డ పుట్టిన సోటికెల్తే అక్కడ పిల్ల కాలవే, మోకాల్లోతు కూడా ఉండదు. నాను ముందు, డోలీ ఎనక! మొదటి ఊరొచ్చీసరికి ఈలు అలిసిపోనారు. నానొక కేకేసినాను. "ఎవులూ? అల్లపావిడా?" అంటా ఇళ్ళలోంచి వచ్చీసినారే! భుజం మార్చుకున్నారు. దాని మీద ఊళ్ళో మళ్ళీ భుజం మారింది. మీ తాత మొకం ఆలెప్పుడూ సూడనేదు. సంతలో నాను కొసరేసిన అల్లం ముక్క, ఆల పిల్లల్ని పేరెట్టి పిలిసిన పిలుపు, అయ్యే మోయించినాయి ఆయన్ని. పొద్దు గూకకముందే రోడ్డెక్కీసినాం, జీపు పట్టీసినాం! ఆస్పత్రిలో డాక్టరమ్మ అంది, రేపటిదాకా ఉంచీసుంటే మనిసి దక్కీవోడు కాదు అని.

ఆ కాడికి నాకెంత గర్వమో తెలుసా! కట్టు కట్టినాక మంచం పక్కన కూకుని వాయించీసినాను. "సూసినావా, నా తిరుగుడే నిన్ను బతికించింది" అని. ఆయన అంతా ఇన్నాడు. ఇనీసి మెల్లగా అన్నాడు. "నాను పడితే నీకు దొరికినాను. రేపు నువ్వు పడితే? ఏ కొండకని ఎల్లాల నాను?"

అన్నేళ్ళూ సాయంత్రమైతే అరుగు మీద కూకుని నాలుగు పక్కలా సూసీవోడే. నాను ఏ పక్కనించి దిగుతానో ఆయనకి తెలీదు కదా. అది కూడా ఆయన అలవాటే అనుకున్నాను నాను. అలవాటు కాదే గౌరీ. బయం. రోజూ బయమే. ఆస్పత్రి అని కూడా సూడకుండా బోరుమని ఏడిసీసినాను.

తిరగడం మానీసినానా? నానెందుకు మాన్తాను! కానీ అప్పట్నించీ గడప దాటే ముందు సెప్పీదాన్ని. ఇదిగో, ఇయ్యాల పలానా సంత, పలానా కొండ మీంచి ఎల్తన్నాను అని. మజ్జిలో మనసు మారితే మనూరొచ్చే మనిసితో కబురంపీదాన్ని. ఆయన "సరే" అనీవోడు. అంతే, ఆ ఒక్క మాటే.

ఆయన పోయి మూడేళ్ళయింది. మోకాళ్ళు నొప్పులు గానీ వారానికి రెండు సంతలు ఇప్పటికీ వదల్ను. గడప దాటేటప్పుడు ఇప్పటికీ సెప్తాను, నోరు ఊరుకోదు మరి. మొన్న, నువ్వు లీవుకొచ్చిన మర్నాడు, నిద్దరోతన్నావనుకున్నాను. "అరకు సంతకెల్తన్నాను, కింద దోవన" అన్నాను. లోపల్నించి నువ్వు దుప్పట్లోంచే "సరే" అన్నావు సూడు... నాను గడప మీదే కూలబడిపోయి...

ఏటే, నువ్వెందుకు ఏడుత్తన్నావు? నీ డ్యూటీ ఇసుగొత్తే తిరుగు తల్లీ, నీ కాళ్ళకి ముల్లు గుచ్చకుండా, నీకే ఊరు కావాలంటే ఆ ఊరు తిరుగు. ఎల్లేటప్పుడు నాకో మాట సెప్పు. నాను సరే అంటాను.